పరిశుద్ధత ఆదివారం నాటి మాటేనా?



కొంతకాలం క్రిందట ఒక సోదరి మా ఓ.పి.కి వచ్చింది. డాక్టరమ్మ ముందు కుర్చీలో కూర్చోకముందే వెనక్కి వెళ్లి తలుపు వేసి వచ్చింది. "అమ్మా, చీటీ మీద జబ్బు పేరు రాయకండి. మా ఇంట్లో వాళ్లకు తెలిస్తే ఫరవాలేదు. మా ప్రార్థన గుంపుకు మాత్రం తెలియకూడదు" అన్నది. ఆమెకు వచ్చినది ఊపిరితిత్తుల క్షయ. సరిగా మందులు వాడితే ఆరు నెలల్లో నయమయ్యే జబ్బు. ఆ సంగతి చెప్పినా ఆమె ముఖంలో భయం పోలేదు. అడగగా అడగగా అసలు సంగతి చెప్పింది. అంతకుముందు ఆమె స్నేహితురాలు తన గర్భసంచి ఆపరేషన్ కోసం ప్రార్థించమని బుధవారం కూటంలో కోరిందట. శనివారానికల్లా ఆ మాట చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో ఎదురైంది. వంకాయలు ఏరుకుంటున్న ఒకామె, "ఇక పిల్లలు పుట్టరటగా, పాపం" అని పలకరించిందట.

ప్రార్థన చేసే తన వాళ్లకంటే, అంతకుముందు ఎన్నడూ చూడని డాక్టరు దగ్గర ఆమెకు ఎక్కువ ధైర్యం కలిగింది. ఈ సంగతి మమ్మల్ని చాలా రోజులు బాధించింది. అయితే ఆ సంఘాన్ని తప్పుపట్టే అర్హత మాకు లేదు. మా ఆసుపత్రిలోనూ ఉదయ ప్రార్థనలో రోగి పేరు, పడక నంబరు, జబ్బు అన్నీ పైకి చదివిన రోజులు ఉన్నాయి. వరండాలో టిఫిన్ క్యారియర్లు పట్టుకొని కూర్చున్న బంధువులందరికీ అది వినబడేది. ప్రేమతోనే చేశాము. కానీ ఎవరినీ అడగకుండా చేశాము. ఇప్పుడు పేరు మాత్రమే చదువుతున్నాము, అదీ రోగి ఒప్పుకుంటేనే.

పరిశుద్ధత అనగానే మనకు గుర్తుకు వచ్చేవి కొన్ని ఉన్నాయి. సిగరెట్టు తాగకూడదు, మద్యం ముట్టకూడదు, సినిమాలకు పోకూడదు, ఆదివారం తెల్లబట్టలు కట్టుకొని వేళకు గుడిలో ఉండాలి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ల ముందు నుండి నడిచి వెళ్తూ తల తిప్పని తాతగారు ప్రతి సంఘంలోను ఒకరు ఉంటారు. వారిని మేము ఎగతాళి చేయడం లేదు. పొగాకు, మద్యం మానిన విశ్వాసుల ఊపిరితిత్తులు, కాలేయాలు ఎంత బాగుంటాయో మేము కళ్లారా చూస్తూనే ఉన్నాము. కానీ ఆ పట్టికతోనే పరిశుద్ధత అయిపోయిందనుకుంటే, కూరగాయల మార్కెట్లో జరిగిన పని ఏ లెక్కలోకి వస్తుంది?

హెబ్రీ భాషలో "ఖాదోష్" అన్న మాటకు ప్రత్యేకింపబడినది అని అర్థం. దేవుడు పరిశుద్ధుడు గనుక ప్రజలు కూడా పరిశుద్ధులుగా ఉండాలని లేవీయకాండము 19వ అధ్యాయము మొదట్లోనే ఆజ్ఞ ఉన్నది. ఆ అధ్యాయము ఒక్కసారి ఇంట్లో కూర్చొని నెమ్మదిగా చదవండి. బలులు, విగ్రహాలు, విశ్రాంతి దినముల సంగతి అందులో ఉన్నది. కానీ వాటి పక్కనే కూలివాని కూలి తెల్లవారే వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని ఉన్నది. చెవిటివానిని తిట్టవద్దని, గ్రుడ్డివాని దారిలో అడ్డం పెట్టవద్దని ఉన్నది. కోత కోసేటప్పుడు పొలం అంచులు బీదలకు వదలాలి. తల నెరసిన వారి ముందు లేచి నిలబడాలి. త్రాసు, తూనికరాళ్లు సరిగా ఉండాలి. జనుల మధ్య కొండెములు చెబుతూ తిరగకూడదు. ఇవన్నీ ఒకే అధ్యాయంలో, ఒకే ఆజ్ఞ కింద ఉన్నాయి. గుడిలో ఒక పరిశుద్ధత, బజారులో వేరొక మర్యాద అన్న విభజన అక్కడ కనబడదు.

కాబట్టి ప్రార్థన విన్నపముల సంగతి ముందు తేల్చుకుందాము. ఎవరి గురించైనా కూటంలో చెప్పే ముందు ఆ వ్యక్తినే అడగాలి. "పేరు చెప్పవచ్చా? జబ్బు చెప్పవచ్చా? ఎంతమందికి?" అని మూడు ముక్కల్లో అడిగితే చాలు. "ఒక సహోదరి ఆరోగ్యం కొరకు" అంటే దేవునికి అర్థం కాకపోదు. వాట్సాప్ గుంపులో స్కానింగ్ రిపోర్టు ఫోటో పెట్టడం అసలు వద్దు. అది ఒకసారి బయటకు వెళ్తే వెనక్కి రాదు. హెచ్.ఐ.వి. విషయంలోనైతే ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 2017లో పార్లమెంటు చేసి 2018 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. పెళ్లి సంబంధాల మధ్య నడిచే పెద్దలు, సంఘ పెద్దలు ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి.

మన పేటలో ఒక భోజనపు పంక్తి

చిక్కడపల్లి నుండి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటి ముషీరాబాద్ వైపు కొంచెం వెళ్తే గోల్కొండ క్రాస్ రోడ్స్ వస్తుంది. అక్కడి హెబ్రోను మందిరం మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. 1950లో హైదరాబాదులో దానిని స్థాపించిన సహోదరుడు భక్త్ సింగ్ గారు 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగు చదువుకు ఇంగ్లాండు, అక్కడి నుండి కెనడా వెళ్లారు. 1929లో విన్నిపెగ్ పట్టణంలో క్రీస్తును నమ్మి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకొని, 1933లో తిరిగి వచ్చి వీధుల్లో సువార్త చెప్పడం మొదలుపెట్టారు. మా సంఘ క్రమం వేరు, వారి క్రమం వేరు. అన్ని విషయాల్లో మేము వారితో ఏకీభవించము. అయినా ఒక విషయంలో వారి దగ్గర నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

అది భోజనం. వారి ఆరాధనలు గంటల తరబడి సాగేవి. ఆ తర్వాత ప్రేమ విందు. 1941లో మద్రాసులో మొదలైన పరిశుద్ధ సమావేశాలకు, తరువాత హెబ్రోనులో జరిగిన సమావేశాలకు వేలమంది వచ్చి, రోజుల తరబడి అక్కడే ఉండి, చాపల మీద వరుసగా కూర్చొని కలిసి భోంచేశారు. ఆఫీసరు, కూలీ, ఆంధ్రుడు, తమిళుడు, ఏ కులంవాడైనా ఒకే పంక్తి. వండేవారు, వడ్డించేవారు విశ్వాసులే. డబ్బు కోసం బహిరంగంగా అడగడం లేదు. ఈనాడు ఇది మామూలుగా అనిపించవచ్చు. కానీ ఎవరి ఇంటి నీళ్లు ఎవరు తాగాలో లెక్కలు గట్టిగా నడిచిన కాలంలో అలా కూర్చోవడమంటే ఎంత ధైర్యమో పెద్దలను అడగండి. "పరిశుద్ధ సమావేశం" అన్న పేరును ఆ పంక్తి నిజం చేసింది.

పౌలు కొరింథు సంఘాన్ని ఎక్కడ గట్టిగా మందలించాడో గుర్తుందా? ప్రభువు బల్ల దగ్గరే. కలిగినవారు ముందే తిని తాగుతున్నారు, లేనివారు ఆకలితో కూర్చుంటున్నారు. ఆ అధ్యాయంలోనే మీలో చాలామంది బలహీనులు, రోగులు ఉన్నారని అంటాడు. ఈ మాటను పట్టుకొని రోగి పడక దగ్గరకు వచ్చి "ఏం పాపం చేశావో ఒప్పుకో" అనేవారిని మేము చూశాము. దయచేసి అలా చేయకండి. అక్కడ పౌలు తప్పుపట్టినది పంక్తిలో బీదవాడిని పక్కన పెట్టిన సంఘాన్ని. మంచం మీద ఉన్నవాడిని కాదు.

మన ఇళ్లలోని పంక్తి సంగతి చూద్దాము. పనిచేసే అమ్మాయికి వేరే గ్లాసు పెట్టే విశ్వాసుల ఇళ్లు మన పేటలో లేవని చెప్పగలమా? ఆమెకు జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే జీతం కోస్తున్నాము. కాబట్టి ఆమె జ్వరంతోనే వచ్చి మన పిల్లల గిన్నెలు తోముతుంది. ఇందులో మనకే నష్టం ఉన్నది, కానీ దాని కోసం కాదు మేము చెప్పేది. సంఘ ఎన్నికలు వచ్చినప్పుడు మాల, మాదిగ అన్న లెక్కలు బయటకు తీసేవాళ్లమూ మనమే. మా ఆసుపత్రిలో రక్తం కావలసి వచ్చినప్పుడు గ్రూపు ఏమిటని అడుగుతారు గాని, ఇచ్చినవారిది ఏ కులమని అడిగిన బంధువును ఇంతవరకు చూడలేదు. ప్రాణం మీదికి వస్తే తెలిసే సంగతి ఎన్నికలప్పుడు మరచిపోతున్నాము.

పంక్తిలో రోగి కూర్చుంటే మనకు అంటుకోదా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. క్షయ గాలి ద్వారా వస్తుంది. జబ్బు ఉన్నవారు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వచ్చే సన్నని తుంపరల వల్ల. కంచం వల్ల, గ్లాసు వల్ల, దుప్పటి వల్ల రాదు. తగిన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. ఎప్పటి నుండి కూటాలకు రావచ్చో డాక్టరు చెబుతారు. ఆ తర్వాత కూడా ఆ మనిషికి వేరే కంచం పెట్టడానికి వైద్యపరంగా కారణం లేదు. గదిలో కిటికీలు తెరవండి, అది అందరికీ మేలు. ఏ.సి. పెట్టి తలుపులు బిగించిన చిన్న గదిలో ఇరవై మంది గొంతెత్తి పాడే కూటంలో, ఎవరికైనా తెలియకుండా జబ్బు ఉంటే ప్రమాదం ఎక్కువ. రెండు వారాలు మించి దగ్గు ఉన్నవారు కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. మంచి ఆహారం కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం 2018లో నెలకు 500 రూపాయలు ఉండేది, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేశారు. రోగి ఇంట్లో ఉన్నవారందరూ, ముఖ్యంగా చిన్నపిల్లలు, పరీక్షకు రావాలి. వారికి జబ్బు రాకుండా ముందు జాగ్రత్త మందులు కూడా ఉన్నాయి.

హెచ్.ఐ.వి. అయితే కలిసి తినడం వల్ల, చేయి కలపడం వల్ల, ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగడం వల్ల రాదు. ఆ గిన్నె సంగతిలో జాగ్రత్త పడవలసినవారు జలుబు, దగ్గు, నోటిపూత, పెదవి మీద పుండు ఉన్నవారు. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా సంఘాలలో చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. అది మంచిదే. కానీ ఒక్కరికి మాత్రం చిన్న గ్లాసు ఇచ్చి, మిగతావారికి పెద్ద గిన్నె అందించడం మంచిది కాదు. అందరికీ ఏదో ఒకటే ఉండాలి.

హగ్గయి ప్రవక్త యాజకులను ఒక ప్రశ్న అడుగుతాడు. ప్రతిష్ఠిత మాంసం కట్టుకున్న బట్ట చెంగు వేరే ఆహారానికి తగిలితే అది ప్రతిష్ఠితమవుతుందా? కాదు అంటారు. శవాన్ని ముట్టి అపవిత్రుడైనవాడు తగిలితే? అపవిత్రమవుతుంది అంటారు. అంటే మలినం అంటుకుంటుంది గాని శుద్ధి అంటుకోదు. సువార్తలలో ఇది తలకిందులైంది. యేసు కుష్ఠరోగిని ముట్టాడు. ప్రభువు మైలపడలేదు, ముట్టబడినవాడు శుద్ధుడయ్యాడు. ఈ ఒక్క సంగతిని నమ్మినవారే మన ప్రాంతంలో మిషను ఆసుపత్రులు కట్టారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం ఆసుపత్రి ప్రారంభించిన డాక్టర్ ఇసబెల్ కెర్ గారి కాలానికి ఆ జబ్బును నయం చేసే నమ్మకమైన మందు లేదు. ఇప్పుడు ఆరు నెలలు, లేదా ఏడాది వాడే మందుల కోర్సు ఉన్నది. మందు లేని రోజుల్లోనే వారు ముట్టారు.

అశోక్ నగర్ గదుల్లో ఉన్న మన పిల్లలు

ఇక్కడ మరో పంక్తి గుర్తుకు వస్తున్నది. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ కోసం పాలమూరు నుండి, నల్గొండ నుండి, ఖమ్మం, ఆదిలాబాద్ నుండి వచ్చి ఉంటున్న యౌవనస్థులు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువు, రాత్రి హాస్టల్ గదిలో నలుగురు. వారిలో విశ్వాసులు చాలామంది ఉన్నారు. ఆదివారం వెనుక బెంచీలో కూర్చొని ముందే వెళ్లిపోతారు. నోటిఫికేషన్ వాయిదా పడిందని, ఇంటికి డబ్బు అడగడానికి ముఖం చెల్లడం లేదని, నిద్ర రావడం లేదని మా దగ్గరకు వస్తారు. కడుపునొప్పి అని చీటీ రాయించుకుంటారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే నొప్పి కడుపులో కాదని తెలుస్తుంది.

ఇలాంటివారికి "నీకు విశ్వాసం తక్కువైంది" అని చెప్పకండి. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకున్నప్పుడు దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, పడుకోనిచ్చి, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మన ఇళ్లలో ఆదివారం ఒక కుర్రవాడికి అన్నం పెట్టడం ఎంత పని? పెట్టేటప్పుడు "ఉద్యోగం ఎప్పుడు వస్తుంది?" అని మాత్రం అడగవద్దు. నిద్ర, ఆకలి రెండు వారాలుగా పోయి, ఏ పనిమీదా మనసు లేకుండా ఉంటే అది వైద్యం ఉన్న జబ్బు. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మందుబిళ్ల, ఉపవాసం, సాక్ష్యము

ప్రతి సంవత్సరం శ్రమకాలం నలభై రోజుల్లో మా ఎమర్జెన్సీకి షుగరు పడిపోయినవారు వస్తుంటారు. వారిలో భక్తి తక్కువైనవారు ఎవరూ లేరు. ఉదయం ఇన్సులిన్ తీసుకొని, లేక షుగరు బిళ్ల వేసుకొని, సాయంత్రం వరకు ఏమీ తినకుండా మోకాళ్ల మీద ఉన్నారు. ఇన్సులిన్ వాడేవారు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్లలు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా అంతే. ఒళ్లు చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడి, మాట తడబడితే షుగరు పడిపోతున్నదని గుర్తు. అప్పుడు ఆరాధన ముగిసే దాకా ఆగవద్దు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే మళ్లీ తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. అన్నం మానలేనివారు టీవీ మానవచ్చు, ఫోను మానవచ్చు, ఒక పూట చిన్న మాటలు మానవచ్చు. ఈ చివరిది మాకైతే అన్నిటికంటే కష్టంగా ఉన్నది.

ప్రార్థన చేశారు గనుక మందులు ఆపేయాలని చెప్పేవారు ఇంకా ఉన్నారు. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. క్షయ మందులు మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయగా మారవచ్చు. అప్పుడు అది ఆ ఒక్కరి విశ్వాసం సంగతి కాదు, ఇంట్లో పిల్లలకు, సంఘంలో పక్కన కూర్చున్నవారికి అంటే ప్రమాదం. హిజ్కియా రాజు పుండు మీద యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పెట్టించాడు. ప్రార్థనకు జవాబు వచ్చిన తర్వాతే ఆ ముద్ద పెట్టించాడన్నది గమనించండి. పౌలు తన వెంట వైద్యుడైన లూకాను ఉంచుకున్నాడు. త్రోఫిమును జబ్బుతో ఉండగా మిలేతులో విడిచి వచ్చానని దాచకుండా రాశాడు. ఆ సహోదరుడు వెంటనే లేవలేదు. అది రాయడానికి పౌలు సిగ్గుపడలేదు.

సాక్ష్యము గురించి కూడా ఒక మాట. స్వస్థత దొరికిందని చెప్పడానికి తొందరపడేవారు, తొందరపెట్టేవారు ఎక్కువయ్యారు. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరికీ చెప్పవద్దని, వెళ్లి యాజకునికి కనబరచుకోమని పంపాడు. లేవీయకాండము 13, 14 అధ్యాయాల ప్రకారం ఆ జబ్బును పరీక్షించి నిర్ధారించవలసినవాడు ఆ కాలంలో యాజకుడే. అంటే స్వస్థపరచినవాడే పరీక్షకు పంపాడు. మనం పరీక్ష చేయించుకుంటే దేవుని మహిమ ఎలా తగ్గుతుంది? రిపోర్టు వచ్చిన తర్వాత సాక్ష్యం చెప్పండి. షుగరు తగ్గలేదని వస్తే, తగ్గలేదనే చెప్పండి. సంఘంలో అలా చెప్పగలిగితే, తలుపు వేసి మాట్లాడిన ఆ సోదరి కూడా ఒక రోజు నోరు విప్పగలదు.

మంచం దగ్గర

భక్త్ సింగ్ గారి సంగతి మళ్లీ చెప్పుకోవాలి. మోకాళ్ల మీద గంటల తరబడి ప్రార్థించినవారు, ఎందరి కొరకో ప్రార్థించినవారు, చివరి సంవత్సరాలలో పార్కిన్సన్స్ జబ్బుతో మంచం పట్టారు. 2000 సెప్టెంబరు 17న హెబ్రోనులో ప్రభువునందు నిద్రించారు. నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటలో వారి సమాధి ఉన్నది. రోగం అంటే పాపానికి జీతం అనేవారు ఒకసారి అక్కడికి వెళ్లి రావాలి.

ఈ జబ్బును 1817లో వర్ణించిన ఆంగ్ల వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పేరు దానికి వచ్చింది. మెదడు లోపల డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా తగ్గిపోతాయి. ఊరికే ఉన్నప్పుడు చేయి వణకడం, నడక నెమ్మదించి అడుగులు చిన్నవి కావడం, కీళ్లు బిగుసుకోవడం, చేతిరాత చిన్నదై పోవడం, గొంతు సన్నగిల్లడం కనబడతాయి. ముఖంలో కదలిక తగ్గుతుంది. దాన్ని చూసి "తాతగారికి కోపం వచ్చింది" అనుకుంటారు. కోపం కాదు, కండరాలు కదలడం లేదు. పూర్తిగా నయం చేసే మందు లేదు గాని లెవోడోపా వంటి మందులతో చాలాకాలం బాగా గడపవచ్చు. ఆ బిళ్ల వేళకు వేయాలి. భోజనానికి అరగంట ముందు వేస్తే బాగా పనిచేస్తుంది. పప్పు, గుడ్డు, మాంసం వంటివాటితో కలిపి వేస్తే కొందరిలో మందు సరిగా పట్టదు. డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు.

మంచం పట్టినవారిని చూసుకోవడం గురించి ప్రసంగాలలో పెద్దగా వినబడదు. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాము. తినిపించేటప్పుడు పడుకోబెట్టి పెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగిన తర్వాతే ఇంకొకటి పెట్టాలి. తిన్నాక అరగంట కూర్చోనివ్వాలి. లేకపోతే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పక్క పుండ్లు రాకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. నడుము కింద, మడమలు, తుంటి ఎముకలు రోజూ చూడాలి. చర్మం ఎర్రబడితే ఆ చోట రుద్దకూడదు, బరువు పడకుండా చూడాలి. పక్కబట్ట తడిగా ఉండనివ్వకూడదు. పాదాలకు తలగడ పెట్టేటప్పుడు మడమ గాలిలో ఉండేలా పెట్టాలి.

రెండు గంటలకొకసారి అని రాయడం తేలిక. రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేచేది ఎవరు? మేము చూసినంత వరకు దాదాపు ప్రతి ఇంట్లో ఒక్క మనిషే, ఎక్కువగా కోడలో, కూతురో. ఆమె ఆదివారం ఆరాధనకు రావడం మానేస్తుంది. నాలుగు వారాలయ్యాక "ఆమె చల్లబడిపోయింది" అని సంఘంలో మాట వస్తుంది. ఆ నాలుగు వారాలు ఆమె చేసినది ఏమిటో ఎవరూ వెళ్లి చూడరు. నారాయణగూడలో ఒక ఇంటికి మా నర్సు డ్రెస్సింగ్ మార్చడానికి వెళ్లినప్పుడు, ఆ ఇంటి కూతురు మూడు నెలలుగా తల వంచుకొని బైబిలు చదవడానికి కూడా తీరిక లేదని ఏడ్చింది. తండ్రి వీపు మీద ఒక్క పుండు లేదు. మా నర్సు ఆ వీపును చూసి తనకు నోట మాట రాలేదని చెప్పింది.

ఆ తర్వాత ఆ సంఘపు స్త్రీల సమాజము వారు ఒక పని చేశారు. తెల్లకాగితం మీద వారంలోని ఏడు రోజులు గీసి, ఒక్కొక్క రోజు నాలుగు గంటలు ఎవరు వస్తారో పేర్లు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. వచ్చినవారు ఏ వేళకు ఏ పక్కకు తిప్పారో, ఏం తిన్నారో, మందు వేశారో లేదో అందులోనే రాయాలి. మొదటి వారం ఇద్దరే వచ్చారు. శనివారం రాత్రి గడి చాలాకాలం ఖాళీగానే ఉన్నది. తర్వాత అశోక్ నగర్ హాస్టల్‌లో ఉండే ఒక కుర్రవాడు తన పుస్తకాలు తెచ్చుకొని అక్కడే చదువుకుంటానని ఆ గడిలో పేరు రాశాడు. అలాంటి కాగితం ఒకటి మేము అచ్చు వేయించి ఉంచాము. మందుల వేళలు, తిప్పవలసిన వేళలు, పక్క పుండ్లు చూడవలసిన చోట్ల బొమ్మ అందులో ఉన్నాయి. ఓ.పి. చీట్లు ఇచ్చే కిటికీ దగ్గర అడిగి తీసుకోండి. రోగి పేరు గాని, జబ్బు పేరు గాని చెప్పనక్కరలేదు.